ముందే వ్రాసి పెట్టిన పేర్లు

ప్రభుత్వ ఆసుపత్రుల ల్యాబుల్లో ముప్ఫై ఏళ్లకు పైగా రక్తం తీసి పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. కర్నూలులో మొదలుపెట్టాను, కర్నూలు నుండి కడపకు పోయే దారిలోని ఒక ఆసుపత్రిలో ముగించాను. ఆ ఊరి పేరు వ్రాయను. అక్కడ జరిగిన తప్పు నాది, దానికి ఊరి పేరు పెట్టడం న్యాయం కాదు.

ఏ సంవత్సరంలో ఏ హోదా వచ్చింది, ఏ బదిలీకి ఎవరి సంతకం కావలసివచ్చింది అన్నవి ఈ కాగితాల్లో ఉండవు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి వాటితో ప్రయోజనం లేదు. నరం దొరకబుచ్చుకోవడం ఆరు నెలల్లో ఎవరికైనా వస్తుంది. ట్యూబులోని రక్తం ఫలానా మనిషిదేనని ప్రమాణం చేసి చెప్పగలగడం ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత కూడా నాకు రాలేదు. వచ్చిందనుకొన్నాను. నేను అలా అనుకొన్నందుకు రత్నమ్మ అనే కూలి మనిషి నష్టపోయింది. ఆమె సంగతి చెప్పడానికే ఇది వ్రాస్తున్నాను. అయితే ముందుగా పని గురించి కొంత చెప్పాలి. లేకుంటే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు.

రబ్బరు పట్టీ

కర్నూలులో నా మొదటి పై అధికారిని అందరమూ పెద్దసారు అనేవాళ్లం. ఉద్యోగంలో చేరిన రోజు ఆయన నా జబ్బకు రబ్బరు పట్టీ బిగించి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. విప్పుకొనే ధైర్యం నాకు లేదు. తిరిగి వచ్చేసరికి నా వేళ్లు నేరేడు పండు రంగుకు తిరిగాయి.

"ఎట్లుండాదప్పా?" అన్నాడు.

"లాగుతోంది సార్."

"లాగల్లనే కట్టినా. నిమిసం దాటినాక తీసిన రత్తం అబద్ధం చెప్తాది. చిక్కబడి, లేని రోగం ఉన్నెట్ల చూపిస్తాది. మనిషికి నొప్పి, నీకు తప్పుడు లెక్క. ఇద్దరికీ నష్టమే."

పుస్తకంలో అదే విషయం నాలుగు వాక్యాల్లో ఉంది. నేను చదివాను కూడా. కాని నా జబ్బ మీద పడిన గుర్తు సాయంత్రం దాకా పోలేదు కనుక, ఆ తర్వాత ఎవరి చేతికి పట్టీ కట్టినా లోపల నిమిషం లెక్కపెట్టుకొంటూనే ఉన్నాను. పెద్దసారు మంచివాడని నేను అనను. నోరు కఠినం, జూనియర్లను అందరి ముందూ తిట్టేవాడు. ఆ తిట్టే అలవాటును కూడా నేను ఆయన దగ్గరే నేర్చుకొన్నాను. దాని ఫలితం తర్వాత వస్తుంది.

నిలబడిన మనిషి, నీళ్లు తాగని మనిషి

ఒకసారి వరుస పొడవుగా ఉందని, బండల గనిలో పనిచేసే ఒక మనిషికి నిలబడి ఉండగానే రక్తం తీశాను. మెలితిప్పిన మీసాలు, నా తొడంత జబ్బ. కూర్చోమన్నాను గాని గట్టిగా చెప్పలేదు.

"బండలు పగలగొట్టేటోణ్ణి సార్, సూదికి కూచ్చుంటానా? తియ్యి," అన్నాడు.

ట్యూబు సగం నిండకముందే కళ్లు తేలవేసి, బల్ల అంచుకు పెదవి చితికేలా పడ్డాడు. తేరుకొన్న తర్వాత భార్య పైట కొంగుతో రక్తం తుడుస్తూ, "ఇంట్లో నా మింద అరిచే గొంతు యాడికి పాయెనబ్బా? దబ్బనం చూస్తే ఇంగేమైపోతాండెనో!" అన్నది. బెంచీ మీదివాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. అతని పెదవికి మూడు కుట్లు పడ్డాయి. కూర్చోబెట్టో, పడుకోబెట్టో తప్ప ఎవరికీ సూది గుచ్చకూడదు. మొండికేసినవాడిని ముందు పడుకోబెట్టాలి.

ఇంకొకటి మన సీమకు ప్రత్యేకం. పరగడుపున రమ్మంటే, ఇక్కడి కూలివాళ్లు నీళ్లు కూడా ముట్టరు. ఎండాకాలం తెల్లవారకముందే పల్లె నుండి బయలుదేరి, రెండు ఆటోలు మారి, పదింటికి మన ముందు చేయి చాపుతారు. నరాలు లోపలికి ఇంకిపోయి ఉంటాయి. నేను చాలా ఏళ్లపాటు వాళ్ల నరాలను తిట్టుకొన్నాను. ఒక్కొక్క చేతిలో మూడు నాలుగు పోట్లు పొడిచాను. తప్పు నరాలది కాదు. 'నీళ్లు తాగవచ్చు' అన్న రెండు మాటలు చీటీ వ్రాసేచోట ఎవరూ చెప్పలేదు. ఆ రెండు మాటలు చెప్పించడం మొదలుపెట్టాక నా చేయి మంచిదని పేరు వచ్చింది.

వాడిన సూదికి తిరిగి మూత పెట్టకండి. నేను పెట్టాను, వేలికి గుచ్చుకొన్నాను, పరీక్షల ఫలితాలు వచ్చేవరకు ఇంట్లో నా పళ్లెం నేనే కడుక్కొన్నాను. పళ్లెం వల్ల ఆ జబ్బులు అంటవని తెలిసిన మనిషినే, అయినా కడుక్కొన్నాను. ఇంతకన్నా దాని గురించి చెప్పవలసినది లేదు.

నా క్రమం

చివరి ఆసుపత్రికి వచ్చేసరికి రక్తం తీసే గది బాధ్యత నాకు అప్పగించారు. అంతకుముందు అక్కడ సంత లాగా ఉండేది. నేను టోకెన్లు పెట్టించాను. బెంచీ మీద టోకెను వరుసలో కూర్చోవాలి. చీటీలన్నీ ఉదయమే తీసుకొని, వరుస ప్రకారం ట్యూబుల మీద పేర్లు ముందే వ్రాయించి, ర్యాకులో నిలబెట్టించాను. నేను నంబరు పిలుస్తాను, మనిషి వస్తుంది, ర్యాకులోని తరువాతి ట్యూబు తీసి నింపుతాను. చేయి ఆగదు, తల ఎత్తవలసిన పని ఉండదు. పన్నెండింటికల్లా గది ఖాళీ. సూపరింటెండెంటు గారు వేరే విభాగాలవారిని పిలిచి మరీ చూపించారు. ఆ ర్యాకును చూస్తే నాకు ఎంత తృప్తిగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

ట్యూబుల మీద పేర్లు వ్రాసే పని నస్రీన్‌ది. కడప నుండి బదిలీపై వచ్చిన జూనియర్ టెక్నీషియన్. ముత్యాల లాంటి చేతివ్రాత. వచ్చిన వారానికే నా దగ్గరకు వచ్చి నిలబడింది.

"సార్, మనిషి కూచున్నాక పేరు అడిగి, తీసినాక వాళ్ల ముందరనే రాస్తే కాదా? నాకు అట్లనే నేర్పించినారు."

"ఎనభై మంది ఉన్నారు. నీ పద్ధతిలో తీస్తే సాయంత్రమవుతుంది."

"కానీలే సార్. పొద్దు పోతే పోతాది, ఒకరిది ఒకరికి పోకుంటే సాలు."

ఆమె మాట ముగిసేలోగా నేను గొంతు పెంచాను. బయట బెంచీ మీద ఉన్నవాళ్లందరికీ వినిపించేలా, "నీకు నేర్పినవాళ్లు ఇక్కడికి వచ్చి ఈ జనాన్ని చూడమను. చెప్పిన పని చెయ్యి," అన్నాను. ఆమె మార్కరు పెన్ను తీసుకొని తరువాతి ట్యూబు మీద పేరు వ్రాయడం మొదలుపెట్టింది.

పద్నాలుగు, పదిహేను

ఆ రోజు పద్నాలుగో నంబరు ఓబులమ్మ అనే పెద్దావిడది. గర్భసంచి ఆపరేషనుకు వచ్చింది. పదిహేను రత్నమ్మది. మైదుకూరు దగ్గరి పల్లె, ఏడో నెల గర్భిణి, ఒంట్లో రక్తం బాగా తక్కువ. ఇద్దరికీ రక్తం ఎక్కించవలసి ఉంది కనుక, గ్రూపు చూడడానికి, దాత రక్తంతో సరిపోల్చడానికి ఇద్దరి శాంపిళ్లూ కావాలి.

బెంచీ నాకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. వాళ్ల మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

"ఏమ్మే, మొగమంతా పాలిపోయిండాది. ఎన్నో నెల?"

"ఏడు పెద్దమ్మా. కండ్లు తిరుగుతాండాయి."

"అట్లయితే ముందు నువ్వు పో. నాదేముండాది, సంచి ఈ పొద్దు తీసినా ఒకటే, రేపు తీసినా ఒకటే."

"నంబరు నీది గదా."

"కడుపుతో ఉండేదానికన్నా నంబరు పెద్దదా? లెయ్యి, పో!"

నేను "పద్నాలుగు" అని పిలిచాను. రత్నమ్మ వచ్చి కూర్చుంది. ర్యాకులోని తరువాతి ట్యూబు ఓబులమ్మ పేరుతో ఉంది. నింపాను. "పదిహేను" అన్నాను. ఓబులమ్మ వచ్చింది. రత్నమ్మ పేరున్న ట్యూబులో ఆమె రక్తం పోశాను.

మన ప్రాంతంలో కడుపుతో ఉన్న మనిషిని వరుసలో వెనుక కూర్చోబెట్టరు. రేషను దుకాణంలో, నీళ్ల కుళాయి దగ్గర, చర్చిలో, గుడిలో ఎక్కడైనా సరే, ఎవరో ఒకరు లేచి ముందుకు పంపుతారు. నేను ఈ మట్టిలో పుట్టినవాణ్ణే, ఇది తెలియనివాణ్ణి కాదు. ఆ మాటలు విన్నప్పుడు మంచి మనిషి అని లోపల అనుకొన్నాను కూడా. మంచితనం వరుసను మార్చిందని, వరుస మారితే నా ర్యాకు మొత్తం అబద్ధమవుతుందని ఆ క్షణంలో తట్టలేదు. 'నీ పేరేమిటమ్మా?' అన్న ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. నంబరు పిలిచాక పేరు అడగడం కాలయాపన అని నేనే ఆ గదిలో చెప్పి ఉన్నాను.

రత్నమ్మది ఓ గ్రూపు. ఓబులమ్మది బి. ట్యూబులు మారినందువల్ల కాగితం మీద రత్నమ్మ బి అయింది. మరునాడు వార్డులో ఆమెకు బి గ్రూపు రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. కొద్ది నిమిషాలకే చలి, వణుకు, నడుము పగిలిపోతోందని కేకలు. నర్సు వెంటనే రక్తం ఆపింది. ఆ నర్సు చురుకుదనం వల్లనే రత్నమ్మ బ్రతికింది. అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ ఆమెను నిలబెట్టారు. కడుపులోని బిడ్డ దక్కలేదు. ఓ గ్రూపు రక్తం బి వాళ్లకు కూడా పడుతుంది కనుక, అది ఎక్కించిన ఓబులమ్మకు ఏమీ కాలేదు. తన వంతు ఇచ్చినందుకు ఏం జరిగిందో ఆమెకు ఎన్నడూ తెలియదు. తెలియకపోవడమే మంచిది.

పడదు అన్న మాట

మళ్లీ శాంపిలు తీసి చూడగానే ట్యూబులు మారిన సంగతి బయటపడింది. సూపరింటెండెంటు గారు మా ఇద్దరినీ తన గదికి పిలిచారు. బల్ల మీద రత్నమ్మ పేరున్న ట్యూబు ఉంది.

"ఈ వ్రాత ఎవరిది?"

"నాదే సార్," అన్నది నస్రీన్. అని, నా వైపు చూసింది.

"రక్తం తీసినది మీరే కదా. తీసేటప్పుడు ఏమైనా తేడా కనిపించిందా?" అని నన్ను అడిగారు.

బెంచీ మీద విన్న మాటలు అప్పుడే గుర్తుకు వచ్చాయి. "మామూలుగానే తీశాను సార్," అన్నాను.

ఆ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంత నీచమైన వాక్యం నా జీవితంలో ఇంకొకటి పలకలేదు. పేర్లు తారుమారుగా వ్రాసిందని నస్రీన్‌కు మెమో ఇచ్చారు. ఆమె వరండాలో నా పక్కనే నడిచి వచ్చింది. తన బల్ల దగ్గర కూర్చుంది. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు.

నాలుగు రోజులకు రత్నమ్మ భర్త దేవదానం కాగితాల కోసం వచ్చాడు. బేలుదారి పని చేసే మనిషి, చేతుల మీద సిమెంటు పగుళ్లు. డ్యూటీ డాక్టరు లేరు. అతను నా కిటికీ దగ్గరకు వచ్చాడు.

"సార్, అసలు ఏమైనాది మా ఆడమనిషికి? ఎవురినడిగినా రత్తం పడలేదంటాండారు. పడలేదంటే ఏం సార్?"

నేను చెప్పాను: "కొందరి ఒంటికి పడదు నాయనా."

అతను తల ఊపాడు. ఆ మాటనే జాగ్రత్తగా మోసుకొని ఊరికి పోయాడు.

మరునాటి నుండి ముందే పేర్లు వ్రాయడం మాన్పించాను. మనిషి కూర్చున్నాక, 'నువ్వు ఫలానానా?' అని కాకుండా, 'నీ పేరు, భర్త పేరు, ఊరు చెప్పు' అని అడగడం. తీసిన వెంటనే, ఆ మనిషి లేవకముందే ఆమె ఎదుట పేరు వ్రాయడం. ఎందుకు మార్చానో ఎవరికీ చెప్పలేదు. నస్రీన్ మాత్రం, "మార్చినారా సార్? మంచిదే," అన్నది. ఆమె గొంతులో ఎగతాళి ఉంటే నాకు కొంత సులభంగా ఉండేది. లేదు.

నస్రీన్ ఇచ్చిన గడువు

రెండేళ్లు గడిచాయి. ఒక ఉదయం నస్రీన్ ప్రసూతి వార్డుకు శాంపిళ్ల కోసం వెళ్లి, ఖాళీ ట్రేతో తిరిగి వచ్చింది.

"సార్, రత్నమ్మ వచ్చిండాది. ఎనిమిదో నెల. రత్తం సగానికి సగం లేదు. కొత్త మేడం ఎక్కించల్లంటే ఒప్పుకోకుండా ఉండారు. సూదికి గూడా చెయ్యి ఇయ్యలేదు."

"ఎందుకు?"

"ఎందుకా? 'మా ఆమె ఒంటికి రత్తం పడదు, ఈ ఆసుపత్రిలోనే చెప్పినారు' అంటాండాడు మొగుడు."

నేను ర్యాకులోని ఖాళీ ట్యూబులు సర్దసాగాను.

"కాన్పులో రవ్వంత రత్తం పోయినా ఆ మనిషి దక్కదు సార్. మీరు చెప్తారా, నేను చెప్పాల్నా?"

"నువ్వే చెబితే..." అన్నాను.

"నేను చెప్తే తప్పు చేసిందే వచ్చి చెప్తాండాదని అనుకుంటారు. మెమో నా పేరు మిందనే ఉండాది గదా. అయినా చెప్తా. పన్నెండు దాకా చూస్తా సార్."

గోడ గడియారంలో పదకొండు దాటింది. చదువరులు నన్ను తప్పుగా అర్థం చేసుకోకూడదు: నా మనస్సాక్షి నన్ను ఆ వార్డుకు నడిపించలేదు. నా కన్నా పదిహేనేళ్లు చిన్నదైన ఒక జూనియర్ గడువు పెట్టింది, వెళ్లాను.

రత్నమ్మ మంచం మీద గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. దేవదానం కింద చాప మీద ఉన్నాడు. నన్ను చూసి గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. అతని ఆ మర్యాద నాకు భరించరానిదైంది. నిలబడే రత్నమ్మతో చెప్పాను: ఆ రోజు మీరు ఇద్దరు ఆడవాళ్లు వంతు మార్చుకొన్నారు. నేను పేరు అడగలేదు. నీ రక్తం ఇంకొకరి పేరున, ఇంకొకరి రక్తం నీ పేరున వెళ్లింది. అందువల్ల నీకు వేరే గ్రూపు రక్తం ఎక్కించారు. పేర్లు వ్రాసిన అమ్మాయి తప్పు ఏమీ లేదు. నీ ఒంటిలోనూ ఏ లోపమూ లేదు.

దేవదానానికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమైన తర్వాత అతను అరవలేదు. "ఆ పొద్దు కిటికీ కాడ నిన్నే గదా సార్ అడిగినా నేను," అన్నాడు. "నిన్నే అడిగినా."

"అవును నాయనా."

"మా యమ్మ దీన్ని తిట్టని దినం లేదు సార్. చెడ్డ రత్తం దాన్ని తెచ్చుకుంటిమి, బిడ్డను గూడా తినె, అని. నేనూ..." అని ఆగి, భార్య వైపు చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

రత్నమ్మ నన్ను అడిగినది ఒక్కటే.

"అట్లయితే నా రత్తం మంచిదేనా సార్?"

"మంచిదే తల్లీ."

ఆమె తన మోచేతి మడత వైపు చూసుకొంది. నేను అలవాటు కొద్దీ ట్రే దగ్గరకు జరిగాను.

"నువ్వు వద్దు," అన్నది. కోపం లేకుండా, ఉప్పు వద్దు అన్నట్లు అన్నది. "ఆ యమ్మను తియ్యమను. చెయ్యి ఇస్తా, ఎక్కించుకుంటా. ఇంగొకటి. మా యత్తకు నువ్వే వచ్చి చెప్పల్ల. నేను చెప్తే నమ్మదు. ఈయన చెప్తే, పెండ్లాం నేర్పించిందంటాది."

నస్రీన్ వచ్చింది. నేను తెర బయట నిలబడ్డాను. అన్ని ఏళ్ల సర్వీసులో నా చేయి వద్దన్నవాళ్లు లేరు. ఆమెకు ఆ హక్కు ఉందని అంగీకరించడానికి నాకు ఆ తెర బయట గడిపిన కొద్ది నిమిషాలు చాలలేదు. తర్వాత చాలా రోజులు పట్టింది.

మూసిన ఫైలు

రత్నమ్మకు సరైన రక్తం ఎక్కింది. తర్వాతి నెలలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా ఇద్దరూ కులాసా. ఈ సంగతి ఇక్కడే చెప్పి వేస్తున్నాను, ఎందుకంటే దీనితో ముగిస్తే నాకు గౌరవంగా ఉంటుంది, నాకు ఆ గౌరవం తగదు.

వార్డు నుండి నేరుగా సూపరింటెండెంటు గారి గదికి వెళ్లాను. నస్రీన్ మెమో రద్దు చేయాలని, తప్పు నాదని చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొన్నారు.

"ఎప్పటిదండీ అది! ఫైలు మూసేశాం. ఇప్పుడు తెరిస్తే మీ మీదికీ వస్తుంది, నా మీదికీ వస్తుంది. రిటైరయ్యే వయసులో ఎందుకు మీకు?"

"వ్రాసి ఇస్తాను సార్."

"వద్దులెండి. ఆ అమ్మాయి కూడా మరచిపోయి ఉంటుంది."

మరచిపోలేదని నాకు తెలుసు. గంట క్రితమే నా ఎదుట ఆ మెమో పేరెత్తింది. అయినా నేను కుర్చీ వెనక్కి జరిపి లేచాను. వ్రాసి ఇవ్వలేదు. నోటితో చెప్పాను గదా అన్న తృప్తి ఒకటి ఉంటుంది. పిరికివాళ్లకు అది చాలా రోజులు సరిపోతుంది. ఆ మెమో నస్రీన్ సర్వీసు రిజిస్టరులో ఈనాటికీ ఉంది. పదవీ విరమణ తర్వాత ఒక ఉత్తరం పంపాను. జవాబు రాలేదు. జీతం తీసుకొంటున్న రోజుల్లో సంతకం పెట్టి ఇచ్చి ఉంటే దానికి జవాబు వచ్చి తీరేది.

ఇప్పుడు చేతితో వ్రాయడం పోయి, యంత్రం ముద్రించిన గీతల లేబుళ్లు వచ్చాయి. తప్పులకు ఇక తావు లేదని చెబుతారు. ఈ మధ్య నా సొంత పరీక్షల కోసం వెళ్లిన ఒక గదిలో, వరుస ప్రకారం లేబుళ్లు ముందే అంటించిన ట్యూబులు నిలబెట్టి ఉన్నాయి. ఆ యంత్రానికి నంబరు తెలుసు. బెంచీ మీద ఎవరు ఎవరికి వంతు ఇచ్చారో తెలియదు. నోరు తెరిచి పేరు అడిగించండి. వాళ్ల నోటితో చెప్పించండి. వాళ్లు ఎదురుగా ఉండగానే అంటించండి. పొద్దు పోతే పోనివ్వండి. తప్పు జరిగితే ఆ పూటే, ఆ మనిషికే చెప్పండి. అర్థం కాని మాట ఒకటి ఆసుపత్రి నుండి ఇంటికి పంపితే, అది ఆ ఇంట్లో ఎవరి నెత్తిన కూర్చుంటుందో మీకు తెలియదు.

వాళ్ల ఊరికి

రత్నమ్మ రక్తం ఎక్కించుకొని ఇంటికి వెళ్లిన వారానికి, కాన్పుకు ఇంకా సమయం ఉండగానే, నేను వాళ్ల ఊరికి వెళ్లాను. మైదుకూరులో బస్సు దిగి ఆటో ఎక్కాను. చర్చి వెనుక సందులో ఇల్లు. అత్త శాంతమ్మ వాకిట్లో కాళ్లు చాపుకొని ఒడిలో చెనిక్కాయలు పోసుకొని వొలుస్తోంది. దేవదానం పనికి వెళ్లాడు.

నేనెవరో చెప్పి, జరిగినదంతా చెప్పాను. బస్సులో సిద్ధం చేసుకొన్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు. ఆమె వేళ్లు ఆగలేదు. కాయ చిట్లుతున్న చప్పుడు మధ్య మధ్య నా మాట ఆగుతూ సాగింది.

నేను ముగించిన తర్వాత, "అంటే కోడలి రత్తంలో దోసం లేదంటావు," అన్నది.

"లేదమ్మా. ఏ దోషమూ లేదు. తప్పంతా నాది."

"సదువుకున్యోనివేనా?"

"అవునమ్మా."

"ఈ సంగతి నీకు ఎప్పుడు తెలిసె?"

"మూడో నాడే తెలుసు."

అప్పుడు ఆమె వేళ్లు ఆగాయి. తల ఎత్తి నన్ను పైనుండి కిందికి చూసింది.

"రెండేండ్లు యాడికి పోయినావప్పా?" అన్నది.

అప్పుడే రత్నమ్మ సందు మలుపు తిరిగి, కుళాయి దగ్గర పట్టిన నీళ్ల బిందె చంకన పెట్టుకొని, నిండు పొట్టతో ఒక పక్కకు ఒరిగి నడుస్తూ వచ్చింది. నన్ను చూసి ఆగింది.

శాంతమ్మ లేచింది. ఒడిలోని కాయలు, పొట్టు, గింజలు అన్నీ నేల మీద పడ్డాయి, చూసుకోలేదు. వెళ్లి కోడలి చంకలోని బిందెను రెండు చేతులా లాక్కుంది. నీళ్లు తొణికి ఇద్దరి చీరలూ తడిశాయి.

"ఇట్ల తే. ఇంగ నీళ్లకు పోవాకు," అన్నది కసురుతున్నట్లే. కోడలి ముఖం వైపు చూడకుండా బిందె మోసుకొని లోపలికి వెళ్లిపోయింది.

రత్నమ్మ వాకిట్లో నిలబడిపోయింది. ఖాళీ అయిన ఆ చేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్లు కొంతసేపు గాలిలోనే ఉంచుకొని, తర్వాత కిందికి వంగి, పడిన గింజలు ఒక్కొక్కటి ఏరడం మొదలుపెట్టింది. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు.